జెండా దించే మాట: నడుం నొప్పిపై ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నెలలు, ఏళ్ల తరబడి నడుం నొప్పితో మీ ఓపీ బల్లల మీద కూర్చునే తెలుగువాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం. బరంపురంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం కూర్చునే పట్టు నేతగాళ్లు, గోపాలపురం ఒడ్డున వలలాగే జాలరులు, సూరత్ మరమగ్గాల ముందు నిలబడి నిలబడి ఇంటికి తిరిగొచ్చిన కుర్రాళ్లు, వాళ్లు పంపే డబ్బుకోసం ఎదురుచూస్తూ సంసారం ఈదే ఆడవాళ్లు. వీళ్లలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో ఎక్స్‌రే, ఎమ్మారై ఫిల్ములు, ఒక నడుం బెల్టు, సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు. నోట్లో ఒకే మాట: "డిస్క్ జారిపోయిందటండి, ఇంక వంగొద్దన్నారు."

ఆ మాట మార్చమని అడగడానికే ఈ ఉత్తరం. మందుల పట్టీ కంటే ముందు, బెల్టు కంటే ముందు, ఓపీలో మొదటి ఏడు నిమిషాల్లో రోగి చెవిన పడే మాటే నడుం నొప్పికి పెద్ద మందు. అదే పెద్ద విషం కూడా అవుతోంది.

నడుం పట్టేసినప్పుడు కండరమో, స్నాయువో బెణికి ఉండొచ్చు. అలాంటి దెబ్బలు చాలావరకు 3 నెలల్లోపే మానిపోతాయి. ఆ తర్వాత కూడా నొప్పి నిలిచిపోతే, ప్రమాదకరమైన జబ్బేదీ లేదని తేలితే, చాలామందిలో ఆ నొప్పిని నడిపిస్తున్నది నడుం కాదు, నాడీ వ్యవస్థ. దీన్ని మన తీరం మనుషులకు అర్థమయ్యేలా చెప్పడానికి తుపాను జెండాకు మించిన పోలిక మాకు దొరకలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు, తుపాను వెళ్లాక దించేశారు. గాలి ఆగి, సముద్రం సద్దుమణిగి, కొట్టుకుపోయిన తెప్పల స్థానంలో కొత్తవి వచ్చాక కూడా పదో నంబరు హెచ్చరిక అలాగే ఉండిపోయిందనుకోండి. జాలరి సముద్రంలోకి వెళ్లడు. జెండా నిజమే, దాన్ని చూసి పుట్టే భయమూ నిజమే. తుపాను మాత్రం లేదు. దీర్ఘకాలపు నడుం నొప్పి చాలాసార్లు ఇలా దించడం మరిచిన జెండా.

నొప్పికీ దెబ్బకీ లెక్క సరిపోవాలన్న రూలు లేదు. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక కేసు చూడండి. 29 ఏళ్ల కట్టడం పనివాడు 15 సెంటీమీటర్ల మేకు మీదకు దూకాడు, మొన బూటు పైనుంచి బయటికొచ్చింది. మేకు కాస్త కదిలితే చాలు, విలవిల్లాడిపోయాడు. మత్తుమందిచ్చి బూటు తీసి చూస్తే మేకు వేళ్ల సందులోంచి వెళ్లింది, కాలికి గాయమే లేదు. అతను నటించలేదు. కళ్లు చూసినదాన్ని బట్టి మెదడు నొప్పి పుట్టించింది. ఎమ్మారై రిపోర్టు మన రోగులకు ఆ బూటులోంచి పొడుచుకొచ్చిన మేకులా కనిపిస్తోంది.

ఇక రిపోర్టు సంగతి. నడుం నొప్పి లేని 3,110 మంది స్కాన్లను 33 అధ్యయనాల నుంచి కలిపి 2015లో లెక్కగట్టారు. 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, అరిగినట్టు కనిపించాయి. 40 ఏళ్లకు అది 68 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. డిస్క్ బల్జ్, అంటే డిస్క్ ఉబ్బడం, 40 ఏళ్లవాళ్లలో సగం మందికి ఉంది. వీళ్లెవరికీ నడుం నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. రేడియాలజీ కాగితం మీద ఇంగ్లీషులో "డీజెనరేషన్" అని పడిన ముక్క మన దగ్గరికి వచ్చేసరికి "ఎముక అరిగిపోయింది", "గ్యాప్ వచ్చేసింది", "నరం నలిగిపోయింది" అయిపోతుంది. ఆ రోజు నుంచి ఆ మనిషి బిందె ఎత్తదు, పిల్లాణ్ణి చంకనెత్తుకోదు.

రిపోర్టు అడుగున "ఈ మార్పులు నొప్పి లేనివాళ్లలోనూ మామూలే" అని ఒక వాక్యం అచ్చువేస్తే సరిపోతుందా? సరిపోదు. అమెరికాలో దాదాపు 2,50,000 మంది రోగుల మీద ఇది చేసి చూశారు. వెన్ను వైద్యం వాడకం మొత్తం మీద తగ్గలేదు, నల్లమందు జాతి మాత్రలు రాయడం మాత్రం కొంచెం తగ్గింది. కాగితం ఒక్కటే చాలదు, ఆ మాట మనిషి నోటి నుంచి రావాలి.

వచ్చేటప్పుడు ఎలా రాకూడదో కూడా చెప్పాలి. "నీకేం లేదమ్మా, అంతా నీ భ్రమ" అనే మాటను ఓపీ గదిలోంచి వెళ్లగొట్టండి. ఆ మాట విన్న మనిషి తనను దొంగను చేశారనుకుంటుంది, మళ్లీ రాదు. తిన్నగా సూదులు వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. చెప్పాల్సింది ఇలా: "మీ నొప్పి నిజం. మీ నడుం మాత్రం గట్టిగానే ఉంది. పరీక్షలో కాళ్ల బలం బాగుంది, స్పర్శ బాగుంది. ఫిల్ములో కనిపించింది మీ వయసువాళ్లకు మామూలే. ఇన్నాళ్లు నొప్పి ఉండేసరికి నరాలు అతిగా కాపలా కాయడం నేర్చుకున్నాయి. నేర్చుకున్నదాన్ని మరిపించొచ్చు." చివరి వాక్యం అన్నాక ఒక్క క్షణం ఆగండి, ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే వైద్యం.

దీనికి ముందు తీరాల్సిన పని ఒకటుంది, దాన్ని దాటేయడానికి వీల్లేదు. మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, పాదం రోజురోజుకీ బలహీనపడటం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్ను క్షయను అనుమానించాలి. క్యాన్సర్ చరిత్ర, పెద్ద దెబ్బ, చాలాకాలం స్టెరాయిడ్ వాడకం, ముసలితనంలో ఎముక గుల్లబారి విరగడం చూసుకోవాలి. కుర్రవాడు పొద్దున్న అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడిస్తే సడలుతుంటే అది వాపు జాతి కీళ్లజబ్బు కావొచ్చు. మన జిల్లాల్లో మరొకటి ఉంది, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు. అదుండి వెన్నులోనూ కాళ్లలోనూ నొప్పి తెరలుగా వచ్చే పిల్లకు "భయపడకు, నరాలే" అని చెప్పడం ఘోరమైన తప్పు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం పరీక్ష మీ కేంద్రాల్లోనే ఉంది, ముందు అది చేయించండి.

ఇవి లేవని తేలాక, నొప్పి తీరు చూడాలి. దెబ్బేమీ తగలకుండా మొదలవడం, ఒక రోజు ఎడమకి, ఒక రోజు కుడికి మారడం, పెళ్లిలోనో ఠాకురాణి అమ్మవారి జాతరలోనో మరిచిపోయి ఇంటికొచ్చాక తిరగబెట్టడం, పని చేస్తున్నప్పుడు కాక మర్నాడు రావడం, తలనొప్పి, కడుపు ఉబ్బరం కూడా తోడుండటం, సూరత్ నుంచి ఫోన్ రాని రోజు నడుం బిగుసుకోవడం. ఏ ఒక్కటీ రుజువు కాదు. మూడు నాలుగు కలిస్తే మాత్రం తుపాను లేదు, జెండా ఉంది అని అనుకోవచ్చు.

రోగి గదిలోకి వచ్చేటప్పుడు మాత్రం కళ్లు కాగితం మీద పెట్టుకోకండి. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికి గోడ పట్టుకుంటుంది, ఊపిరి బిగబడుతుంది, కడుపు గట్టిపడుతుంది, అప్పుడు కాలు కదులుతుంది. కుర్చీ అంచున, ఒంటి తొడ మీద బరువేసి కూర్చుంటుంది. మాటల మధ్య ఒళ్లోంచి రిపోర్టు కాగితం జారి కింద పడుతుంది. వంగి తీసుకుంటుంది, మాట ఆపదు కూడా. రెండు నిమిషాల తర్వాత "ఏదీ, ఒక్కసారి వంగండి" అంటే చేతులు మోకాళ్ల దాకా కూడా పోవు. ఇది నటన అనుకున్నవాళ్లు ఈ జబ్బును ఎన్నటికీ నయం చేయలేరు. కాగితం తీసేటప్పుడు మెదడు కాపలా లేదు, "వంగండి" అనే మాట కాపలావాణ్ణి లేపింది. ఆ సంగతి ఆమెకు నెమ్మదిగా, తప్పుపట్టకుండా చూపించండి: "ఇందాక మీరే వంగారు, మీ నడుం వంగగలదు." పది పరీక్షల కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది.

ఈ పద్ధతికి ఆధారం ఉంది. అమెరికాలోని బౌల్డర్‌లో 151 మంది మీద చేసి 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరీక్షలో, సగటున పదేళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నాలుగు వారాల్లో ఎనిమిది గంటల శిక్షణ, ఒక డాక్టరుతో మాటా ఇచ్చారు. శిక్షణ పొందినవాళ్లలో 66 శాతం మందికి నొప్పి పోయింది లేదా పోయినట్టే అయింది. ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో 20 శాతం, మామూలు వైద్యంలో 10 శాతం. ఏడాది తర్వాత కూడా ఆ మేలు చాలావరకు నిలిచింది. అయితే వాళ్లు ఒకే ఊరివాళ్లు, నొప్పి మరీ తీవ్రం కానివాళ్లు, కాలి నొప్పి నడుం నొప్పిని మించినవాళ్లను చేర్చుకోలేదు. అందుకే అచ్చంగా దింపేయొద్దు, మనకు తగ్గట్టు మలచుకోవాలి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ నొప్పికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, ఆలోచన మార్చే చికిత్సలను ముందు పెట్టి, నడుం బెల్టులనూ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నూ, నల్లమందు జాతి మాత్రలనూ మామూలుగా వాడొద్దంది. మన దగ్గర ఇప్పటికీ మొదట చేతికొచ్చేది బెల్టే.

ఇక చేయించాల్సినవి. మొదటిది నొప్పిని చూస్తూ కూర్చోవడం. రోజుకు రెండుసార్లు, 5 నుంచి 10 నిమిషాలు, సుఖంగా ఉన్న కుర్చీలోనో చాప మీదో. ఊపిరి 4 లెక్కల్లో లోపలికి, 6 లెక్కల్లో బయటికి, ఓ పదిసార్లు. తర్వాత నొప్పి ఎక్కడుందో, అరచేయంతా, రూపాయి బిళ్లంతా, వేడిగా ఉందా, లాగుతోందా, కదులుతోందా అని ఏటిని గట్టు మీద నుంచి చూసినట్టు చూడాలి. చూస్తూ లోపల అనుకోవాలి: "ఇది ఇబ్బందే గానీ ప్రమాదం కాదు." తగ్గించాలన్న పట్టుదల ఉండకూడదు. ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. "పది నిమిషాలు చూశాను, తగ్గలేదు" అని చెప్పే మనిషి చూడలేదు, పరీక్ష పెట్టింది. నొప్పి పదికి ఎనిమిది తొమ్మిదిలో ఉన్నప్పుడు ఈ పని వద్దు. అప్పుడు వేడినీళ్ల కాపడం, పాట, పక్కవాళ్లతో కబుర్లు చాలు. మూడు నాలుగులో ఉన్నప్పుడు నేర్చుకోవాలి. ఈత నేర్చుకునేది తుపాను రోజున కాదు కదా.

రెండోది, మానేసిన పనిని మెట్లు మెట్లుగా తిరిగి తెచ్చుకోవడం. బిందె సంగతే తీసుకుందాం. మొదటి మూడు రోజులు కుర్చీలో కూర్చుని చేతులు పిక్కల దాకా జార్చాలి, పూటకి 5 సార్లు, రోజుకి రెండు పూటలు. తర్వాతి మూడు రోజులు నిలబడి మోకాళ్ల దాకా, ఆ తర్వాత నేల దాకా. అప్పుడు ఖాళీ బిందె. అప్పుడు 2 లీటర్ల నీళ్లు, 4 లీటర్లు, 6 లీటర్లు, ఇలా నిండు బిందె దాకా. పక్కనే కూర్చుని మూడు చూడాలి: ఊపిరి బిగబడుతోందా, చెయ్యి నడుం మీదకు పోతోందా, కడుపు రాయిలా చేస్తోందా. ఇవే కాపలావాడి ఆనవాళ్లు, వీటిని వదిలిస్తే బరువు దానంతటదే తేలికవుతుంది. "ఎప్పుడూ మోకాళ్లే వంచాలి, నడుం వంచకూడదు" అనే రూలు మా ఫిజియోథెరపీవాళ్లమే చాలాకాలం నూరిపోశాం. వెన్ను వంగడానికే ఉంది, ఆ రూలు భయాన్ని పెంచింది తప్ప నడుములను కాపాడలేదు.

చేసేటప్పుడు నొప్పి రెండు అంకెలు పెరిగి మర్నాటికి సర్దుకుంటే మంచిదే, అదే మెట్టు మీద సాగించాలి. రెండు రోజులైనా దిగకపోతే ఒక మెట్టు కిందికి రావాలి, మంచమెక్కకూడదు. నడకకూ ఇదే లెక్క. చెడ్డ రోజున కూడా 15 నిమిషాలు నడవగలిగే మనిషికి 12 నిమిషాలతో మొదలుపెట్టించి, వారానికి ఒకటి రెండు నిమిషాలు కలపండి. మంచి రోజున కూడా 12 మాత్రమే అని గట్టిగా చెప్పాలి. నొప్పి లేదని ఉత్సాహంగా ఇల్లంతా అలికి, గుట్టలకొద్దీ బట్టలుతికి, మూడు రోజులు పడుకోవడం మనవాళ్ల అలవాటు. నేతగాళ్లకు చిన్న మార్పు: 40 నిమిషాలకోసారి గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయమనండి. కూర్చుంటే నడుం పాడవుతుందని కాదు, ఒంటికి కదలిక ఇష్టమని. ఈ తేడా నోటితో చెప్పండి, లేకపోతే లేవడం కూడా భయపు రూలైపోతుంది.

రెండో మూడో వారంలో ఒక పరీక్ష వస్తుంది. నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, లేదంటే నడుం వదిలి మెడకో భుజానికో మారుతుంది. ముందే చెప్పకపోతే రోగి సంచి పట్టుకుని సూదులు వేసేవాడి దగ్గరికి తిరిగి వెళ్తుంది. ముందే చెబితే "వస్తుందన్నారు, వచ్చింది" అనుకుంటుంది. కొత్తగా తిమ్మిరి, బలహీనత, మూత్రపు ఇబ్బంది వస్తే మాత్రం వెంటనే చూపించుకోవాలని అదే ఊపులో చెప్పాలి.

మూడోది బాధల సంగతి. అప్పు, పోయిన కొడుకు, తాగే మొగుడు, మింగేసిన కోపం, ఇవన్నీ కాపలావాణ్ణి మెలకువగా ఉంచుతాయి. రాయడం వచ్చినవాళ్లను వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు ఎవరూ చదవని కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి చించేయమనండి. రానివాళ్లు ఫోన్‌లో రికార్డు చేసుకుని చెరిపేయొచ్చు, ఏటిగట్టున కూర్చుని గొంతు విప్పి చెప్పుకోవచ్చు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషిని, పెద్ద ఘోరం చూసిన మనిషిని మాత్రం గుంపులో తవ్వొద్దు. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేదా, దిగులుగా ఉందా అని అందరినీ అడగండి. అవునన్నవాళ్లకు 14416, టెలీ మానస్ నంబరు ఇవ్వండి, అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.

మందుల గురించి ఒక్క మాట. నొప్పి తగ్గిందని ప్రెగాబాలిన్, ట్రమడాల్ అనే నొప్పి మందులను ఉన్నట్టుండి ఆపేయనివ్వొద్దు, డాక్టరు మెల్లమెల్లగా దించాలి. ఏళ్ల తరబడి మింగుతున్న డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలున్నవాళ్లకు రక్తపోటు, కిడ్నీ పరీక్ష చేయించండి.

ఇప్పుడు మేం కోరేది. ప్రతి బ్లాకులో ఒక ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో ఆరు వారాల నడుం తరగతి పెట్టండి. 10 నుంచి 12 మంది, వారానికి ఒక గంట, నేల మీద చాపలు, మూడు బిందెలు. నడిపేది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. మొదటి వారానికి ముందు మెడికల్ ఆఫీసరు ఒక్కొక్కరినీ పరీక్షించి "నడుం క్షేమం" అని నోటితో చెప్పాలి. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెతో, దాని పక్కనే ప్రతి మనిషీ తిరిగి చేయాలనుకునే మూడు పనులను మొదట్లో, ఆరు వారాలకు, ఆరు నెలలకు రాసుకోండి. నొప్పి అంకె తగ్గకముందే పనులు తిరిగి వస్తాయి. కాబట్టి పనులను లెక్కపెట్టకపోతే తరగతి విఫలమైందని మూసేస్తారు.

భాష సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు ఇస్తున్న వ్యాయామ కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. తెలుగులో అచ్చువేసినా సగం పనే. మన దగ్గర పెద్దవాళ్లకు చదువు లేదు, పిల్లలకు ఒడియా అక్షరాలు వస్తాయి గానీ తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో మాట మాత్రం తెలుగే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నారు. అలాంటి నేల మీద, ఒడియాలో "అంటా బింధా" (నడుం నొప్పి) అని అడిగితే ఎక్కడ నొప్పో చెప్పగలిగిన ముసలమ్మకు "వంగొచ్చు" అని తన మాటలో చెప్పేవాళ్లు లేకపోవడం చాలా బాధాకరం. కాగితం బదులు ఆడియో చేయండి. ఒక్కోటి 6 నిమిషాలకు మించకుండా ఆరు ముక్కలు, ఊరి మాటతో, ఆడ గొంతులో ఒకటి, మగ గొంతులో ఒకటి, ఆశా కార్యకర్తల వాట్సాప్ ద్వారా ఇంటింటికీ. కొండ ఊళ్లకు సవర, కువి భాషల్లో ఆ భాషలవాళ్లే చెప్పాలి.

తెలుగు ఆడియోల మాటలు మేం రాసి పెట్టాం, డబ్బేమీ అడగడం లేదు. ఒడియా మాటలు సరిచూసే మనిషి, సికిల్ సెల్, క్షయ హెచ్చరికల భాగాన్ని చదివి సంతకం పెట్టే ఒక డాక్టరు కావాలి. సూరత్ వెళ్లినవాళ్లు దసరాకి ఇళ్లకు వస్తారు, అప్పటికి కనీసం బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో మొదటి తరగతి మొదలైతే వాళ్లూ కూర్చోగలుగుతారు.

ఇట్లు,
బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో నడుం నొప్పి రోగులతో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు, నర్సులు